టైరులో గాలి, బెలూనులో గాలి

మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. హైదరాబాదులో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గరి ఒక పెట్రోలు బంకులో మీరు నిలబడి ఉన్నారనుకోండి. తారురోడ్డు మీద గాలి నీళ్లలా కదులుతున్నట్టు కనిపిస్తోంది. ఒక టాక్సీ వచ్చి గాలి యంత్రం పక్కన ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, గాలి కొట్టే అతనితో అంటాడు:

"ఎండలు మండిపోతున్నయ్ అన్నా. రెండు పాయింట్లు తక్వ కొట్టు. లేకుంటే టైర్ పేల్తది."

అతను గొట్టం తగిలించి, ముల్లు చూసి, టైరులోంచి కొంత గాలి బుస్సుమని వదిలేస్తాడు. టాక్సీ ఫిలింనగర్ వైపు వెళ్లిపోతుంది.

ఈ మాట మీరూ ఎక్కడో విని ఉంటారు. మీ నాన్నగారో, మామయ్యో అనే ఉంటారు. వినడానికి సబబుగానే ఉంది. వేడికి గాలి వ్యాకోచించాలని చూస్తుంది. దాంతో టైరు బిగుస్తుంది. బిగిస్తే పేలుతుంది. కనుక ముందే కొంచెం గాలి తీసేస్తే మంచిది. ఇందులో మొదటి రెండు మాటలు నిజం. మూడవది మంచి టైరు విషయంలో నిజం కాదు. నాలుగవది ప్రమాదకరం. ఎందుకో తెలుసుకోవాలంటే కాసేపు టైరును వదిలి తల పైకెత్తండి.

జూబ్లీహిల్స్ పైన ఆకాశంలో గద్దలు తిరుగుతూ ఉంటాయి. రెక్క ఆడించకుండానే గుండ్రంగా తిరుగుతూ పైకి, ఇంకా పైకి పోతుంటాయి. వాటిని లేపుతున్నది ఎవరు? కింద ఉన్న బండలే. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు బండలవి. ఇళ్లూ, రోడ్లూ, స్టూడియోలూ వచ్చాక చాలా బండలు పోయాయి గాని, కాసు బ్రహ్మానందరెడ్డి పార్కులోనూ, కాలనీల సందుల్లోనూ ఇప్పటికీ కొన్ని కనిపిస్తాయి. ఎండకు కాగిన బండ తన మీది గాలిని కాచుతుంది. కాగిన గాలి పైకి లేస్తుంది. ఆ లేచే గాలి మీద గద్ద సవారీ చేస్తుంది.

చూశారా? అదే ఎండ, అదే గాలి. టైరులో ఉంటే బిగుసుకుంది, బండ మీద ఉంటే పైకి లేచింది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక సీసా చెబుతుంది

ఖాళీ ప్లాస్టిక్ నీళ్ల సీసా ఒకటి తీసుకోండి. దాని మూతికి చిన్న రబ్బరు బుడగ తగిలించి, సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. నీళ్లు చెయ్యి పెట్టగలిగినంత వేడిగా ఉంటే చాలు. వేలాడుతున్న బుడగ లేచి నిలబడుతుంది. లోపలి గాలి అణువులు వేడికి మరింత వేగంగా పరుగెత్తుతూ, గోడలను మరింత గట్టిగా కొడుతున్నాయి. రబ్బరు మెత్తనిది కనుక సాగి చోటిచ్చింది. అంటే ఘనపరిమాణం పెరిగింది.

ఇప్పుడు బుడగ తీసేసి, సీసా చల్లారాక మూత బిగించి, మళ్లీ వేడినీళ్లలో పెట్టండి. ఈసారి సాగడానికి చోటు లేదు. సీసా గోడలను వేళ్లతో నొక్కి చూడండి, గట్టిగా తగులుతాయి. అంటే పీడనం పెరిగింది. ఇదే మన టైరు.

మూడవసారి మూత తీసేసి వేడిచేయండి. బయటికి ఏమీ కనిపించదు. కాని లోపలి గాలిలో కొంత మూతి గుండా వెళ్లిపోయింది. మిగిలిన గాలి తక్కువ బరువుతోనే అంత చోటునూ నింపుతోంది. అంటే సాంద్రత తగ్గింది. ఇదే వేడిగాలి బెలూను. దాని కింది మూతి ఎప్పుడూ తెరిచే ఉంటుందన్న సంగతి చాలామంది గమనించరు. బెలూను సంచిని ఎగరేసేది లోపలి ఒత్తిడి కాదు, లోపలి తేలిక.

ఈ సంగతులను లెక్కలోకి తెచ్చినవాళ్లు ఫ్రాన్సు దేశస్థులు. మూసిన పాత్రలో వేడిచేసిన గాలికి పీడనం పెరగడాన్ని గియోం అమొంటాన్ 1700 ప్రాంతంలోనే పరిశీలించాడు. ఘనపరిమాణం సంగతి మీ పాఠ్యపుస్తకంలోని ఛార్లెస్ నియమం చెబుతుంది. ఆ జాక్ ఛార్లెస్ మరెవరో కాదు, బెలూనెక్కి ఆకాశానికి వెళ్లినవాడే! 1783లో మాంగోల్ఫియే సోదరులు వేడిగాలి బెలూనులో సెప్టెంబరు 19న ఒక గొర్రెను, ఒక బాతును, ఒక కోడిపుంజును ఎగరేశారు. నవంబరు 21న వారి బెలూనులోనే ఇద్దరు మనుషులు పారిస్ మీదుగా ఎగిరారు. పది రోజుల తర్వాత, డిసెంబరు 1న, ఛార్లెస్ హైడ్రోజన్ నింపిన బెలూనులో పైకి వెళ్లాడు. వాయువుల మీద తాను చేసిన ప్రయోగాలను ఆయన అచ్చు వేయించలేదు. 1802లో గే-లుసాక్ తన ఫలితాలను ప్రకటిస్తూ, ఈ పని ఛార్లెస్ ముందే చేశాడని నిజాయితీగా చెప్పాడు. అందుకే నియమానికి ఛార్లెస్ పేరు మిగిలింది. గే-లుసాక్ మాత్రం తక్కువవాడా! 1804లో ఒంటరిగా బెలూనులో సుమారు 7,000 మీటర్ల ఎత్తుకు వెళ్లి, అక్కడి గాలిని సీసాల్లో పట్టి తెచ్చాడు.

టాక్సీ టైరు లెక్క

ఇప్పుడు మన టాక్సీ దగ్గరికి వద్దాం. దాని టైరుకు కంపెనీ చెప్పిన పీడనం చదరపు అంగుళానికి 32 పౌన్లు అనుకుందాం. బంకులో 'పాయింట్లు' అనేవి ఈ పౌన్లే. ఉదయం 27 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర 32 ఉంది. మధ్యాహ్నం రోడ్డు వేడికీ, పరుగు వేడికీ టైరులోని గాలి 60 డిగ్రీలకు చేరింది. పీడనం ఎంత కావాలి?

తొందరపడితే ఇక్కడ రెండు తప్పులు దొర్లుతాయి. 27 నుంచి 60 అంటే రెండింతలు దాటింది, కనుక పీడనమూ రెండింతలు దాటుతుంది అనుకోవడం మొదటి తప్పు. గాలి అణువులకు మన సెంటీగ్రేడు సున్నాతో పని లేదు. వాటి సున్నా అంతకు 273 డిగ్రీల కింద ఉంది. ఆ కెల్విన్ కొలతలో 27 అంటే 300, 60 అంటే 333. పెరిగింది నూటికి 11 వంతులే.

రెండవ తప్పు, గేజీ చూపే 32ను అలాగే తీసుకోవడం. గేజీ బయటి గాలి కంటే లోపల ఎంత ఎక్కువ ఉందో మాత్రమే చెబుతుంది. బయటి వాతావరణ పీడనాన్ని కూడా కలపాలి. అది సముద్రమట్టం దగ్గర 14.7 పౌన్లు. హైదరాబాదు దక్కన్ పీఠభూమి మీద ఉంది. బేగంపేట విమానాశ్రయం ఎత్తు 531 మీటర్లు. కాబట్టి ఇక్కడ సుమారు 14 వేసుకుందాం. 32కు 14 కలిపితే 46. దాన్ని 333తో హెచ్చించి 300తో భాగిస్తే 51. అందులోంచి 14 తీసేస్తే 37.

అంటే ఎండలో పరుగెత్తిన టైరులో పెరిగింది 5 పాయింట్లు. ఇంతకు టైరు పేలుతుందా? పేలదు. టైరు తయారుచేసేవాళ్లు ఈ పెరుగుదలను ముందే లెక్కలో వేసుకుంటారు. లోపల పాలియెస్టరు, ఉక్కు పోగులు వేసి చేసిన మంచి టైరు ఇంతకు ఎన్నో రెట్ల పీడనానికి తట్టుకుంటుంది.

ఇక డ్రైవరు చేయించిన పని చూడండి. వేడి టైరులో 37 ఉంటే, దాన్ని 32 దాకా దింపించాడు. ఆ రాత్రి బండి ఇంటి ముందు ఆగింది. తెల్లవారేసరికి టైరు మళ్లీ 27 డిగ్రీలకు చల్లబడింది. 46ను ఈసారి 300తో హెచ్చించి 333తో భాగించండి. 41.4 వస్తుంది. 14 తీసేయండి. మిగిలింది 27.4! కంపెనీ 32 ఉండాలంటే, మన టాక్సీ 27తో రోడ్డెక్కింది. రెండు మూడు రోజులు వరుసగా మధ్యాహ్నం పూట ఇలాగే 'సరిచేయిస్తే' ఏమవుతుందో మీరే లెక్క వేయండి.

గాలి తగ్గితే వేడి పెరుగుతుంది

తక్కువ గాలి ఉంటే వచ్చే నష్టం ఏమిటి? ఇదే ఈ కథలో అసలు కీలకం.

బండి బరువును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. మనుషులతో కలిపి 1,200 కిలోల కారు అయితే ఒక్కో చక్రం మీద సుమారు 300 కిలోలు. 32 పౌన్లంటే చదరపు సెంటీమీటరుకు 2.25 కిలోలు. 300ను 2.25తో భాగిస్తే 133. అంటే అంత పెద్ద కారులో ఒక్కో టైరు నేలను తాకేది 133 చదరపు సెంటీమీటర్ల మేరే, దాదాపు మీ అరచేయంత. గాలి 24 పౌన్లకు తగ్గితే అదే బరువు మోయడానికి 178 చదరపు సెంటీమీటర్లు కావాలి. ఆ మేరకు టైరు నేల దగ్గర చదునుగా నొక్కుకుపోతుంది, పక్క గోడలు ఉబ్బుతాయి.

ఉబ్బి ఊరుకుంటే బాధ లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు చక్రం సెకనుకు దాదాపు 9 సార్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ గోడలోని ప్రతి భాగం ఒకసారి వంగి, మళ్లీ నిలబడాలి. రబ్బరును వంచడానికి మనం ఖర్చుపెట్టిన శక్తినంతా అది తిరిగి ఇవ్వదు. కొంత తన దగ్గరే వేడిగా ఉంచుకుంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచి, వంగిన చోట వేలు పెట్టి చూస్తే వేడిగా తగలడం మీకు తెలుసు. రెండిటిలోనూ కారణాలు కొంచెం వేరు గాని, వంపు వేడిగా మారడం ఒకటే. గాలి తగ్గితే వంపు ఎక్కువ. వంపు ఎక్కువైతే వేడి ఎక్కువ. వేడికి రబ్బరు మెత్తబడి, పొరల మధ్య అంటు వదులుతుంది, లోపలి పోగులు విడిపోతాయి. ఆ తర్వాత, 32 పౌన్లకు కూడా తట్టుకోలేని చోట టైరు ఒక్కసారిగా చీలుతుంది.

కాబట్టి ఎండాకాలంలో పేలే టైరు చాలాసార్లు గాలి ఎక్కువైన టైరు కాదు, తక్కువైనది. లేదా ముసలిది, కోత పడినది, మోయలేనంత బరువు వేసినది. మే నెల ఎండ నేరుగా పేల్చదు. చల్లబడడానికి వీలు లేకుండా చేస్తుంది. బయట గాలి 42 డిగ్రీలు, తారురోడ్డు 60 డిగ్రీలు దాటి ఉంటే టైరు తన వేడిని ఎవరికి ఇవ్వగలదు? సినిమాలో కథానాయకుడు తుపాకీ పేల్చగానే కారు గాలిలో పల్టీలు కొడుతుంది గాని, నిజంగా వేగంగా పోయే బండికి టైరు చీలితే మెలికలు తిరిగి పక్క బండి మీదికో, డివైడరు మీదికో పోతుంది. రెండవసారి తీయడానికి అక్కడ దర్శకుడు ఉండడు.

మరి ఏం చేయాలి? టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. ఉదయం బయల్దేరేముందు, లేదా బండి మూడు గంటలు నీడలో ఆగాక. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితం మీద రాసి ఉంటుంది. వేడి టైరులో అంతకు నాలుగైదు పాయింట్లు ఎక్కువ కనిపిస్తే దాని జోలికి పోకూడదు. స్టెప్నీని కూడా చూడాలి, దాన్ని అందరూ మరిచిపోతారు. నైట్రోజన్ కొట్టిస్తే వేడికి పీడనం పెరగదని కొందరు చెబుతారు. మనం పీల్చే గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజన్. అదీ ఇదే నియమానికి లోబడుతుంది. తేమ లేకుండా ఉండడం, కాస్త నెమ్మదిగా కారడం దాని సుగుణాలు, అంతే.

మీరు చేయగలిగిన మరో పని ఉంది. ఇంట్లో స్కూటరో కారో ఉంటే, టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఒకటి వెతకండి. '2319' అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఫిలింనగర్ వీధుల్లో షూటింగు వ్యాన్లు, జనరేటరు బండ్లు ఒక్కోసారి రోజుల తరబడి ఎండలో ఆగి ఉంటాయి. అలా కదలకుండా ఉన్నా టైరు ముసలిదవుతూనే ఉంటుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలూ, గాలిలోని ఓజోనూ రబ్బరును బీటలు వారిస్తాయి. గాళ్లు ఇంకా లోతుగా ఉన్నాయి కదా అని అటువంటి టైరును నమ్మకూడదు.

ఎండలో ఎగరలేని బెలూను

టైరుకు ఎండ వల్ల కష్టమైతే, వేడిగాలి బెలూనుకు ఎండ పండుగ కావాలి కదా? తమాషా ఏమిటంటే, దానికీ కష్టమే!

మామూలు బెలూను సంచిలో 2,200 ఘనపు మీటర్ల గాలి పడుతుందనుకుందాం. ప్రొపేన్ గ్యాసు మంటతో ఆ గాలిని 100 డిగ్రీలకు కాచాం. హైదరాబాదు ఎత్తులో అంత వేడి గాలి ఘనపు మీటరుకు 0.89 కిలోలు తూగుతుంది. జనవరి తెల్లవారుజామున బయటి గాలి 17 డిగ్రీలు ఉంటే అది 1.14 కిలోలు తూగుతుంది. తేడా పావు కిలో. 2,200 ఘనపు మీటర్లకు 550 కిలోలు. సంచి, బుట్ట, మంటగొట్టం, సిలిండర్లు కలిసి 300 కిలోలైతే, ఇంకా ముగ్గురు మనుషులు హాయిగా ఎక్కవచ్చు.

అదే బెలూనును మే నెల మధ్యాహ్నం తీసుకురండి. బయటి గాలి 42 డిగ్రీలు. అది తానే వేడెక్కి తేలికైంది. ఘనపు మీటరుకు 1.05 కిలోలే. తేడా 0.16 కిలోలు. మొత్తం 350 కిలోలు. సామాను పోగా నడిపేవాడు ఒక్కడికే కష్టం మీద చోటు. సంచిని ఇంకా కాచుదామంటే నైలాను గుడ్డ 120 డిగ్రీల పైన చెడిపోతుంది. బెలూను ఎగిరేది లోపలి వేడి వల్ల కాదు, లోపలికీ బయటికీ ఉన్న తేడా వల్ల. పైగా గద్దకు అంత ఇష్టమైన లేచే గాలి బెలూనుకు శత్రువు. ఎప్పుడు ఎత్తుతుందో, ఎప్పుడు వదిలేస్తుందో తెలియదు. కాబట్టే బెలూన్లు చలికాలంలో, సూర్యోదయం వేళ ఎగురుతాయి. ఆంధ్రప్రదేశ్‌లోని అరకు లోయలో 2017 నవంబరులోనూ, 2019 జనవరిలోనూ బెలూను ఉత్సవాలు జరిగాయి. నెలలు చూడండి, మే కాదు!

జూబ్లీహిల్స్ మీద నుంచి అలా ఎగిరితే ఎంత బాగుంటుందో అనిపించవచ్చు. బెలూనుకు చుక్కాని లేదు. ఎత్తు మార్చుకుంటూ, తనకు కావలసిన వైపు వీచే గాలిని వెతుక్కోవడమే దాని విద్య. దిగే చోటును గాలి నిర్ణయిస్తుంది. మేడలు, కరెంటు తీగలు, బండలు నిండిన చోట అది జరిగే పని కాదు. ఊరి బయట ఎగిరినప్పుడు కూడా కింద ఒక జీపు వెంటపడి, పొలాల గట్ల మీదుగా పరుగెత్తి, దిగిన బెలూనును ఎక్కించుకు వస్తుంది. పైన వేడిగాలి, కింద నాలుగు టైర్లు! అన్నట్టు, కాగితపు ఆకాశదీపాలు వెలిగించి వదలడం సరదాగా కనిపిస్తుంది గాని, అవి ఎక్కడ వాలితే అక్కడ నిప్పు వాలుతుంది. ఎండిన చెట్లున్న ఎండాకాలంలో ఆ పని చేయకండి.

మనిషి వేడిగాలితో ఎంత ఎత్తుకు వెళ్లగలడు? 2005 నవంబరు 26న మన దేశస్థుడు విజయపత్ సింఘానియా ముంబయి నుంచి లేచి 21,027 మీటర్ల ఎత్తు చేరారు. అప్పుడాయన వయసు 67 సంవత్సరాలు.

అంతకంటే పైకి వెళ్లే బెలూన్లు హైదరాబాదు నుంచే లేస్తాయి. అవి వేడిగాలివి కావు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూను కేంద్రం 1969 నుంచి ఇక్కడ ఉంది. పలచని పాలిథీన్ సంచిలో హైడ్రోజన్ నింపి, పరికరాలు కట్టి, 30 కిలోమీటర్ల పైకి పంపుతారు. 2005లో పంపిన ఒక బెలూను తెచ్చిన గాలిలో మూడు కొత్త రకాల బాక్టీరియా దొరికాయని 2009లో ప్రకటించారు. 2022 డిసెంబరులో అటువంటి బెలూను మోసుకెళ్లిన గుండ్రని గది వికారాబాద్ జిల్లాలో పొలాల మధ్య దిగితే, జనం అది ఏ లోకం నుంచి వచ్చిందో అని పరుగెత్తి వెళ్లారు!

ఈ బెలూనును నేల మీద చూస్తే మీకు నవ్వు వస్తుంది. పైభాగంలో మాత్రం చిన్న బుడగ, మిగతాదంతా తడిబట్టలా వేలాడుతుంది. గాలి కొట్టడం మరిచిపోయారా? లేదు. 30 కిలోమీటర్ల పైన బయటి పీడనం ఇక్కడి దానిలో సుమారు నూరో వంతు. అక్కడ లోపలి వాయువు ఎన్నో రెట్లు వ్యాకోచిస్తుంది. నేల మీదే నిండుగా నింపితే దారిలోనే చిరిగిపోతుంది. టాక్సీ డ్రైవరు టైరుకు వర్తింపజేసిన తర్కం ఇక్కడ సరిగ్గా పనికి వస్తుంది. ఆయన తప్పల్లా దాన్ని తీసుకెళ్లి టైరుకు తగిలించడమే.

ఇప్పుడు మీకొక లెక్క. విశాఖపట్నంలో, సముద్రమట్టం దగ్గర, 30 డిగ్రీల వేళ ఒక కారు టైరులో 32 పాయింట్లు కొట్టించి, బెలూన్లు చూడడానికి అరకు వెళ్లారు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ వాతావరణ పీడనం 13.2 పౌన్లు అనుకోండి. మరునాటి తెల్లవారుజామున చలి 10 డిగ్రీలు. అప్పుడు గేజీ ఎంత చూపుతుంది? ఎత్తు వల్ల ముల్లు పైకి పోవాలి, చలి వల్ల కిందికి రావాలి. ఏది గెలిచిందో చూడండి. మీ జవాబు 30.4 దగ్గరికి వస్తే లెక్క సరిగా చేసినట్టే.